ఉపరితల ప్లాస్మాన్ హోలోగ్రఫీ మైక్రోస్కోప్‌ను అమర్చుకోవడం ఎలా

గాజు మీద పూసిన పల్చని బంగారు పొరకు గాజు వైపు నుంచి ఒక ప్రత్యేక కోణంలో ఎర్ర లేజర్ వెలుగు పంపితే అది దాదాపు వెనక్కి రాదు. ఆ శక్తి బంగారానికీ దాని మీదున్న నీటికీ మధ్య సరిహద్దు వెంట పాకే ఉపరితల ప్లాస్మాన్ తరంగంలోకి పోతుంది. నీటి వక్రీభవన గుణకం కాస్త మారినా, బంగారం మీద రెండు మూడు నానోమీటర్ల ప్రొటీన్ అంటుకున్నా ఆ కోణం జరుగుతుంది. మామూలు ఎస్‌పీఆర్ (సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్) ఇమేజింగ్ ఈ జరుగుడును వెనక్కి వచ్చిన వెలుగు తీవ్రతలో చూస్తుంది. దానికి హోలోగ్రఫీ కలిపితే, అంటే ఆ వెలుగును నమూనా తాకని రిఫరెన్స్ కిరణంతో కలిపి వ్యతికరణ పట్టీలుగా రికార్డు చేస్తే, ప్రతి పిక్సెల్‌లోనూ ఫేజ్ (తరంగం తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణం) కూడా దొరుకుతుంది. వెలుగు అలా ప్లాస్మాన్‌లోకి పోయే స్థితి (రెజొనెన్స్) దగ్గర తీవ్రత కంటే ఫేజ్ చాలా నిటారుగా మారుతుంది. సున్నితత్వం పెరిగేది అందుకే.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఫేజ్ ఎక్కడ అత్యంత నిటారుగా ఉంటుందో సరిగ్గా అక్కడే వెలుగు అత్యంత తక్కువగా ఉంటుంది. వెలుగు పూర్తిగా సున్నా అయిన చోట ఫేజ్‌కు అర్థమే లేదు, కెమెరాలో మిగిలేది నాయిస్ ఒక్కటే. అందుకే ఈ పరికరంలో పొర మందం, కోణం, రిఫరెన్స్ కిరణం, ఎక్స్‌పోజర్ అన్నీ ఒకే రాజీ చుట్టూ తిరుగుతాయి: నిటారుతనం కొంత వదులుకుని, కొలవడానికి సరిపడా వెలుగు మిగుల్చుకోవడం. కనిష్ఠ స్థానంలో 3 నుంచి 6 శాతం పరావర్తనం మిగిలేలా చూసుకుంటే పని సాఫీగా నడుస్తుంది.

ముందు కాగితం మీద లెక్క

632.8 నానోమీటర్ల హీలియం–నియాన్ లేజర్‌తో మొదలుపెడదాం. ఈ తరంగదైర్ఘ్యం దగ్గర బంగారం పర్మిటివిటీలో (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) వాస్తవ భాగం సుమారు –11.6, కాల్పనిక భాగం సుమారు 1.2. నీటి వక్రీభవన గుణకం 1.332, దాని వర్గమే నీటి పర్మిటివిటీ. ప్లాస్మాన్ ప్రభావ గుణకం (ప్లాస్మాన్ తరంగానికి వర్తించే వక్రీభవన గుణకం) కావాలంటే రెండు పర్మిటివిటీల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించి వర్గమూలం తీయాలి. నీటికి అది 1.447 వస్తుంది, గాలికి 1.046. దాన్ని ప్రిజం గుణకంతో భాగిస్తే వచ్చేది రెజొనెన్స్ కోణం సైన్ విలువ.

బీకే7 అనే మామూలు ఆప్టికల్ గాజు ప్రిజంలో (గుణకం 1.515) నీటికి కోణం 72.7°, గాలికి 43.7°. ఎస్‌ఎఫ్10 అనే ఎక్కువ గుణకం గాజు ప్రిజంలో (1.723) నీటికి 57.1°. ఇవి తొలి అంచనాలే. పొర మందం, బంగారం అంటుకోవడానికి దాని కింద వేసే క్రోమియం పొర కలిస్తే కోణం కొద్దిగా జరుగుతుంది. పూర్తి లెక్క కావాలంటే గాజు, క్రోమియం, బంగారం, నీరు అనే నాలుగు పొరలకు ఫ్రెనెల్ సమీకరణాలతో (సరిహద్దు దగ్గర ఎంత వెలుగు పరావర్తనమవుతుందో చెప్పేవి) చిన్న ప్రోగ్రామ్ రాసుకోండి. తీవ్రత, ఫేజ్ రెండూ అందులోనే వస్తాయి, ముప్పై నలభై లైన్లకు మించదు. అది చేతిలో లేకుండా గాజు కొనకండి.

నీటి పనికి ఎస్‌ఎఫ్10 మేలు. భుజాలు సమానమైన 60° ప్రిజంలో ముఖానికి లంబంగా వెళ్లిన కిరణం బేస్‌ను 60° వద్ద తాకుతుంది. మనకు కావలసిన 57.1°కి లంబం నుంచి బయట 5° జరిగితే చాలు. అదే ప్రిజం బీకే7 అయితే బయట 19.5° వంచాలి. పైగా నమూనా తలాన్ని 72.7° వాలులో చూడటం వల్ల బొమ్మ ఒక దిశలో 3.4 రెట్లు నొక్కుకుపోతుంది. ఎస్‌ఎఫ్10లో ఈ నొక్కుడు 1.84 రెట్లే. గాలిలో నమూనాలకైతే 45° లంబకోణ బీకే7 ప్రిజం చక్కగా సరిపోతుంది. నిజానికి మొదటి అమరికంతా గాలిలో, ఈ చవక ప్రిజంతో చేసి చూసి, తర్వాత నీటికి వెళ్లడం తెలివైన పని. కారే సెల్, బుడగలు, నూనె ఇవన్నీ ఒకేసారి నెత్తిన వేసుకుంటే తప్పు ఎక్కడుందో తేలదు.

బంగారు పొర

పరికరం మొత్తంలో ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఈ పొరే. ప్లాస్మాన్ శక్తి రెండు దారుల్లో పోతుంది: బంగారం లోపలి శోషణ ఒకటి, ప్రిజంలోకి తిరిగి లీకయ్యే వెలుగు రెండోది. ఈ రెండూ సమానమైన మందం దగ్గర పరావర్తనం సున్నాకు దిగుతుంది. 633 నానోమీటర్ల దగ్గర అది 50 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కింద క్రోమియం ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. అంతకంటే పల్చగా ఉంటే లీకు గెలుస్తుంది, రెజొనెన్స్ దాటేటప్పుడు ఫేజ్ ఒకే దిశలో దాదాపు పూర్తి చుట్టు తిరుగుతుంది. అంతకంటే మందంగా ఉంటే శోషణ గెలుస్తుంది. అప్పుడు ఫేజ్ కాస్త కదిలి మళ్లీ వెనక్కి వస్తుంది, రెజొనెన్స్ మధ్యలో దాని దిశ కూడా తిరగబడుతుంది.

కాబట్టి పల్చని వైపే ఉండండి. లీకు శోషణకు ఒకటిన్నర రెట్లు ఉందనుకుంటే కనిష్ఠ పరావర్తనం 4 శాతం. అక్కడ ఫేజ్ వాలు నీటి గుణకంలో ఒక యూనిట్ మార్పుకు 200 రేడియన్లకు కాస్త పైన. మందం సున్నా బిందువుకు ఇంకా దగ్గరైతే వాలు పెరుగుతుంది, కానీ కొలవగలిగే పరిధి అదే మేర కుంచించుకుపోతుంది, వెలుగూ పోతుంది. బంగారం 44, 46, 48, 50 నానోమీటర్లుగా నాలుగు మందాల్లో పూయించి, తీవ్రత కనిష్ఠాలు కొలిచి, అందులో ఒకటి ఎంచుకోండి. ఆవిరి పూత యంత్రంలోని క్వార్ట్జ్ మందం మీటరు రెండు మూడు నానోమీటర్లు తేడా చూపడం మామూలే. అందుకే కాగితం మీది మందం కంటే కొలిచిన కనిష్ఠాన్నే నమ్మాలి.

పూతకు ముందు గాజును అసిటోన్, ఐసోప్రొపనాల్, శుద్ధమైన నీరు ఈ వరుసలో అల్ట్రాసోనిక్ స్నానంలో ఒక్కొక్కదానిలో పది నిమిషాలు ఉంచి, నైట్రోజన్‌తో ఆరబెట్టి, ఆక్సిజన్ ప్లాస్మాలో గానీ యూవీ–ఓజోన్‌లో గానీ పెట్టండి. పిరానా ద్రావణం (సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం) అవసరం లేదు. అసిటోన్ తడి ఉన్న గాజు అందులో పడితే పేలుతుంది కూడా. అంటుకోవడానికి క్రోమియం గానీ టైటానియం గానీ 2 నానోమీటర్లు చాలు. 4 దాటితే రెజొనెన్స్ వెడల్పై ఫేజ్ చప్పబడుతుంది. బంగారాన్ని సెకనుకు 0.1 నుంచి 0.2 నానోమీటర్ల వేగంతో పూయండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నమూనాలకు వాడే చిన్న స్పట్టర్ కోటర్‌తో పూసిన పొర గరుకుగా వస్తుంది, మందం కూడా ఒకలా ఉండదు. తీవ్రత చూడటానికి పనికొస్తుందేమో గానీ ఫేజ్‌కు వద్దు. పూసిన స్లైడ్లను మూత ఉన్న డబ్బాలో పెట్టి కొద్దిరోజుల్లోనే వాడండి. గాలిలోని నూనె ఆవిర్లు బంగారం మీద చేరి నీరు చుక్కలుగా నిలబడటం మొదలైతే ఆ స్లైడును మళ్లీ శుభ్రం చేయాల్సిందే.

గాజు, నూనె, సెల్

బంగారం పూసిన స్లైడును ప్రిజం బేస్‌కు ఇండెక్స్ నూనెతో అంటిస్తారు. ప్రిజం, స్లైడ్, నూనె మూడింటి గుణకమూ ఒకటే కావాలి. ఎస్‌ఎఫ్10 ప్రిజం మీద మామూలు బీకే7 స్లైడును 1.515 నూనెతో అంటిస్తే రెజొనెన్స్ కనిపిస్తుంది, సూత్రం ప్రకారం కుదురుతుంది కూడా. కానీ 57° దగ్గర ఎస్‌ఎఫ్10 నుంచి నూనెలోకి వెళ్లేటప్పుడే సుమారు 5 శాతం వెలుగు పరావర్తనమైపోతుంది. మనం కొలవబోయేది 4 శాతం. రెండూ కలిసి వ్యతికరణం చెందితే బొమ్మ నిండా అర్థంలేని పట్టీలే. డబ్బు మిగుల్చుకోవాలని ఇక్కడ గాజు మార్చవద్దు.

1.72 గుణకం నూనెల్లో డైఅయోడోమీథేన్ లాంటి విషపదార్థాలు ఉంటాయి. గ్లవ్స్ వేసుకుని, పొగగూడు కింద వాడాలి. ఆ గొడవ వద్దనుకుంటే బీకే7 జంటతో, 1.515 నూనెతో వెళ్లండి. 72.7° వాలు, బొమ్మ నొక్కుడు భరించాల్సి వస్తుంది. ఏ నూనె అయినా చుక్క చిన్నదే వేయండి, స్లైడును ఒక అంచు నుంచి మెల్లగా వాల్చండి. వేసిన వెంటనే కొలతలు మొదలుపెట్టకండి, నూనె పొర ఇంకా సర్దుకుంటూ ఉంటుంది. అరగంట ఆగితే ఫేజ్ జారుడు బాగా తగ్గుతుంది.

టేబుల్ మీద కిరణాలన్నీ అడ్డంగా ఒకే ఎత్తులో నడవాలంటే ప్రిజం బేస్ నిలువుగా ఉండాలి. అంటే నీటి సెల్ కూడా నిలబడే ఉంటుంది. ఇది కలిసొచ్చే విషయం: నీరు కింది నుంచి ఎక్కి పై నుంచి బయటికి పోయేలా గొట్టాలు పెడితే బుడగలు వాటంతట అవే వెళ్లిపోతాయి. 0.5 మిల్లీమీటర్ల సిలికోన్ గ్యాస్కెట్‌లో 5 × 10 మిల్లీమీటర్ల కిటికీ కోస్తే సెల్ ఘనపరిమాణం 25 మైక్రోలీటర్లు. వెనక వైపు మూత గాజును కాస్త వాలుగా పెట్టండి. సిరింజ్ పంపు వాడండి, నిమిషానికి 50 మైక్రోలీటర్లు చాలు. పెరిస్టాల్టిక్ పంపు కొట్టుకున్నప్పుడల్లా స్లైడ్ ఊగుతుంది, ఆ లయ ఫేజ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. వాడే ద్రవాలన్నిటినీ ముందుగా వాక్యూమ్‌లో పెట్టి కరిగిన గాలి తీసేయాలి.

వెలుగు దారి

మొదటిసారికి మాక్–జెండర్ అమరికే అర్థం చేసుకోవడానికి తేలిక. ఇందులో లేజర్ కిరణం రెండు దారులుగా చీలుతుంది, వీటినే చేతులు అంటారు: ప్రిజం మీదుగా వెళ్లేది వస్తువు చేయి, నేరుగా వచ్చేది రిఫరెన్స్ చేయి. కెమెరా ముందు ఇంకో స్ప్లిటర్ రెండిటినీ కలిపితే వ్యతికరణ పట్టీలు వస్తాయి. లేజర్ ఒకే దిశలో ధ్రువణం ఉన్నదై ఉండాలి, 2 నుంచి 5 మిల్లీవాట్లు చాలు. దాని తర్వాత హాఫ్‌వేవ్ ప్లేటు, ఆ తర్వాత పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్. ప్లేటును తిప్పితే రెండు చేతుల మధ్య వెలుగు పంపకం మారుతుంది. వస్తువు చేతిలో వెలుగంతా రెజొనెన్స్ మింగేస్తుంది కాబట్టి ఇరవై వంతుల్లో పంతొమ్మిది అటే పంపాల్సి రావచ్చు.

స్ప్లిటర్ దాటి నేరుగా వెళ్లే కిరణం ధ్రువణం అడ్డంగా ఉంటుంది. మన పతన తలం కూడా అడ్డమే కాబట్టి అది పీ–ధ్రువణం (పతన తలంలోనే ఊగేది), వస్తువు చేతికి సరిగ్గా అదే కావాలి. పక్కకు మళ్లిన కిరణం నిలువు ధ్రువణంతో వస్తుంది. దాని దారిలో ఇంకో హాఫ్‌వేవ్ ప్లేటును 45° వద్ద పెట్టి అడ్డంగా తిప్పాలి. ఇది మరిచిపోతే కెమెరా దగ్గర రెండు కిరణాలూ కలుస్తాయి గానీ పట్టీలు మాత్రం రావు.

రెండు చేతుల్లోనూ స్పేషియల్ ఫిల్టర్ (కిరణాన్ని సన్నని పిన్‌హోల్ గుండా పంపి శుభ్రం చేసేది), కొలిమేటింగ్ లెన్సు (దాన్ని సమాంతరం చేసేది) ఉండాలి. 0.8 మిల్లీమీటర్ల కిరణానికి 20 రెట్ల ఆబ్జెక్టివ్ (ఫోకల్ దూరం 9 మిల్లీమీటర్లు) వాడితే ఫోకస్ మచ్చ 9 మైక్రాన్లు వస్తుంది, పిన్‌హోల్ 15 మైక్రాన్లది పెట్టండి. తర్వాత 150 మిల్లీమీటర్ల లెన్సుతో 13 మిల్లీమీటర్ల సమాంతర కిరణం తయారవుతుంది. ఎస్‌ఎఫ్10లో ఫేజ్ నిటారుగా ఉండే ప్రాంతం రెజొనెన్స్‌కు అటూ ఇటూ 0.4° మాత్రమే. కిరణం సరిగ్గా సమాంతరంగా లేకపోతే బొమ్మలో ఒక్కో చోట ఒక్కో కోణం పడుతుంది. షియర్ ప్లేటుతో (కిరణం సమాంతరంగా ఉందో లేదో పట్టీలతో చూపే గాజు పలక) సరిచూసుకోండి.

ప్రిజం దాటాక 10 రెట్ల, పొడవైన వర్కింగ్ డిస్టెన్స్ ఉన్న ఆబ్జెక్టివ్, 200 మిల్లీమీటర్ల ట్యూబ్ లెన్సు, కెమెరా. ఆబ్జెక్టివ్ ఎన్‌ఏ (న్యూమరికల్ అపెర్చర్, ఎంత వెడల్పు కోణంలో వెలుగు అందుకుంటుందో చెప్పే సంఖ్య) 0.28 ఉన్నా స్టాప్‌తో 0.2కు కుదించడమే నయం. ఎక్కువ ఎన్‌ఏ కొనడం ఇక్కడ వృథా ఖర్చు. ప్లాస్మాన్ బంగారం మీద రెండు నుంచి నాలుగు మైక్రాన్లు పాకి చస్తుంది, ఆ దిశలో అంతకంటే సన్నని వివరం ఏ ఆబ్జెక్టివ్ పెట్టినా రాదు. ఆబ్జెక్టివ్ వెనక ఫోకల్ తలానికి, ట్యూబ్ లెన్సుకు మధ్య దూరం సరిగ్గా 200 మిల్లీమీటర్లు ఉంచండి. అలా ఉంటే కెమెరా దగ్గర వస్తువు కిరణం చదునుగా వస్తుంది, ఫేజ్‌లో గిన్నెలాంటి వంపు చేరదు.

రెండు చేతుల పొడవుల తేడా రెండు మూడు సెంటీమీటర్లు దాటనివ్వకండి. హీలియం–నియాన్ లేజర్ పొందిక దూరం అంతకంటే ఎక్కువే గానీ, చేతులు సమానంగా ఉన్నప్పుడు తరంగదైర్ఘ్యం చిన్నగా ఊగినా ఫేజ్ కదలదు. చవక డయోడ్ లేజర్లు ఉన్నట్టుండి మోడ్ మార్చుకుంటాయి, అప్పుడు ఫేజ్ గెంతుతుంది. దాన్ని నమూనాలో వచ్చిన మార్పుగా పొరబడే ప్రమాదం ఉంది.

అమర్చే వరుస

1. వెలుగు తగ్గించి, లేజర్ కళ్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులనూ ఐరిస్‌లతో ఒకే ఎత్తుకు తీసుకురండి. ప్రిజం ముఖాల నుంచి వచ్చే దొంగ పరావర్తనాలు టేబుల్ దాటకుండా నల్ల అట్టలు పెట్టండి.

2. నూనె, బంగారం లేకుండా ఒట్టి ప్రిజాన్ని తిరిగే స్టేజి మీద పెట్టి సంపూర్ణాంతర పరావర్తనం చూడండి. స్టేజి 0.01° మెట్టుతో తిరగగలిగితే చాలు. ప్రిజం ఎంత తిరిగితే బయటి కిరణం దానికి దాదాపు రెట్టింపు తిరుగుతుంది. అందుకే ఆబ్జెక్టివ్, కెమెరాలను ఒకే రైలు మీద బిగించి ఆ రైలును కదపగలిగేలా ఉంచాలి.

3. బంగారు స్లైడ్ అంటించి, నీరు నింపి, రిఫరెన్స్ చేతిని మూసేసి, ఆబ్జెక్టివ్ ముందు పవర్ మీటరు పెట్టి కోణాన్ని మెట్టుమెట్టుగా తిప్పండి. ఎస్‌ఎఫ్10లో నీటికి సందిగ్ధ కోణం 50.6°. అది దాటాక తీవ్రత పెరిగి, 57° చుట్టూ లోతుగా పడి మళ్లీ లేవాలి. వస్తువు చేతిలో ప్రిజం ముందు ఒక పోలరైజర్ పెట్టి, కనిష్ఠం దగ్గర దాన్ని అటూ ఇటూ తిప్పి అతి లోతైన స్థానంలో బిగించండి. ధ్రువణాన్ని సరిచేయడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు.

4. కనిష్ఠం ఎంతో రాసుకోండి. 10 శాతం దాటితే పొర మందమో, ధ్రువణమో, కిరణం సమాంతరతో తప్పు. 1 శాతం కంటే తక్కువైతే ఆ స్లైడు పక్కన పెట్టి ఇంకాస్త పల్చనిది తీయండి.

5. ఇప్పుడు రిఫరెన్స్ తెరిచి, కెమెరా ముందున్న స్ప్లిటర్‌ను వంచుతూ పట్టీలను కావలసిన వెడల్పుకు తెచ్చుకోండి. రిఫరెన్స్ తీవ్రతను వస్తువు కిరణంతో సమానం చేయాలని తంటాలు పడకండి. రిఫరెన్స్ పది రెట్లు ఎక్కువున్నా పట్టీల స్పష్టత 0.57 ఉంటుంది, అది చాలు.

పట్టీలు, కెమెరా

పట్టీల వెడల్పు ఊహతో పెట్టేది కాదు. ఎన్‌ఏ 0.2ను 10 రెట్లతో భాగిస్తే కెమెరా దగ్గర ఎన్‌ఏ 0.02. 3.45 మైక్రాన్ల పిక్సెల్ మీద బొమ్మలోని అత్యధిక పౌనఃపున్యం పిక్సెల్‌కు 0.109 చక్రాలు. హోలోగ్రామ్ స్పెక్ట్రంలో (ఎఫ్‌ఎఫ్‌టీ, అంటే ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేస్తే వచ్చే పౌనఃపున్యాల బొమ్మలో) మధ్య మచ్చకు తగలకుండా ఉండాలంటే పట్టీల పౌనఃపున్యం దానికి మూడు రెట్లు, అంటే 0.327 ఉండాలి. ఒక పట్టీకి మూడు పిక్సెళ్లన్నమాట, కిరణాల మధ్య కోణం 3.5°. పట్టీలు కెమెరా అంచులకు 45° వాలుగా ఉంటే స్పెక్ట్రంలో చోటు ఇంకా ఎక్కువ దొరుకుతుంది.

కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్, గామా, షార్ప్‌నెస్ అన్నీ ఆపేయండి. 12 బిట్‌లో తీయండి. అత్యంత వెలుగున్న చోట గరిష్ఠ విలువలో 70 శాతం నిండేలా, ఎక్స్‌పోజర్ 1 నుంచి 5 మిల్లీసెకన్ల మధ్య పెట్టండి. అంతకంటే పొడవైతే టేబుల్ కంపనాలకు పట్టీలు చెరిగిపోతాయి. సెన్సార్ ముందున్న రక్షణ గాజు తన సొంత పట్టీలు వేస్తుంది, గాజు తీసేసిన కెమెరా దొరికితే తీసుకోండి.

కంప్యూటర్‌లో

ముందుగా నమూనా లేని స్థితిలో, అంటే ఒట్టి బఫర్‌తో (నమూనా కలపని ద్రవంతో), ఒక హోలోగ్రామ్ తీసి దాచండి. తర్వాతివన్నీ దీనితో పోల్చేవే. ప్రతి హోలోగ్రామ్‌ను అంచుల్లో మెత్తగా తగ్గే విండోతో గుణించి ఎఫ్‌ఎఫ్‌టీ చేయండి. మధ్య మచ్చకు అటూ ఇటూ రెండు మచ్చలు కనిపిస్తాయి. ఒకదాన్ని గుండ్రని మాస్క్‌తో కోసి, మధ్యకు జరిపి, వెనక్కి ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే కంపన పరిమితి, ఫేజ్ రెండూ ఉన్న సంకీర్ణ బొమ్మ వస్తుంది. రెండు మచ్చల్లో ఏది తీసుకున్నారన్నదాన్ని బట్టి ఫేజ్ గుర్తు తిరగబడుతుంది. ఒకసారి ఎంచుకున్నాక మార్చకండి, లేకపోతే పొర పల్చని వైపుందా మందం వైపుందా అన్నది ఎప్పటికీ తేలదు.

ఫేజ్‌లను విడిగా తీసి ఒకదాన్నుంచి ఇంకోటి తీసివేయకండి. నమూనా సంకీర్ణ బొమ్మను బఫర్ బొమ్మ సంయుగ్మంతో గుణించి, ఆ తర్వాత కోణం తీయండి. లెన్సుల వంపు, దుమ్ము వలయాలు చాలావరకు అక్కడే కొట్టుకుపోతాయి, మార్పు చిన్నదైతే అన్‌రాపింగ్ (2π దగ్గర తెగిపోయే ఫేజ్‌ను మళ్లీ అతికించడం) అవసరమే రాదు. కంపన పరిమితి బాగా తక్కువున్న పిక్సెళ్లను మాస్క్ చేయండి. వాటి చుట్టూ ఫేజ్ సుడిలా తిరుగుతుంది, అన్‌రాపింగ్ ప్రోగ్రామ్ అక్కడ పొరపడి ఆ తప్పును వరుసంతా గీతలా లాగేస్తుంది.

నమూనా తలం వాలుగా ఉంది కాబట్టి ఫోకస్ ఒక సన్నని పట్టీలోనే ఉంటుంది. 7 మిల్లీమీటర్ల సెన్సార్ మీద నొక్కుకుపోయిన దిశలో నమూనా 1.3 మిల్లీమీటర్ల మేర కనిపిస్తుంది, ఈ చివర నుంచి ఆ చివరకు ఫోకస్ తేడా సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఎన్‌ఏ 0.2 దగ్గర ఫోకస్ లోతు 16 మైక్రాన్లే. హోలోగ్రామ్ ఉన్నందుకు ఇక్కడ లాభం దక్కుతుంది: యాంగ్యులర్ స్పెక్ట్రం పద్ధతితో (తరంగాన్ని లెక్కలోనే ముందుకో వెనక్కో నడిపే పద్ధతి) నలభై లోతులకు బొమ్మను జరిపి, ఒక్కో లోతు నుంచి ఫోకస్‌లో ఉన్న నిలువు పట్టీని మాత్రమే తీసుకుని పక్కపక్కన అతికించండి. లెక్కలో పిక్సెల్‌ను 0.345 మైక్రాన్లుగా, అంటే వస్తువు వైపు కొలతలో పెట్టండి. కెమెరా వైపు కొలతలో పెడితే దూరాలు వంద రెట్లు అవుతాయి. చివరన నొక్కుకుపోయిన దిశను 1.84 రెట్లు సాగదీయాలి.

ఉప్పునీటితో క్యాలిబ్రేషన్

శుద్ధమైన సోడియం క్లోరైడ్‌తో బరువు లెక్కన 0.5, 1, 2 శాతం ద్రావణాలు కలపండి. 1 శాతం అంటే 99 గ్రాముల నీటిలో 1 గ్రాము. 1 శాతానికి గుణకం సుమారు 0.0017 పెరుగుతుంది. 4 శాతం కనిష్ఠమున్న పొర మీద, కోణాన్ని కనిష్ఠం వద్దే నిలిపితే, ఫేజ్ మార్పు వరుసగా సుమారు 0.2, 0.4, 0.7 రేడియన్లు రావాలి. 2 శాతం దగ్గర వంపు మొదలవడం సహజం, అక్కడ ఫేజ్ సరళరేఖ వదిలేస్తుంది. నమూనా మార్పు ఒకే దిశలో ఉంటుందని తెలిస్తే మొదటి స్థానాన్ని కాస్త ముందు పెట్టుకుని పరిధి రెట్టింపు చేసుకోవచ్చు. 3 నానోమీటర్ల ప్రొటీన్ పొర 0.8 రేడియన్ల దాకా ఇస్తుంది కాబట్టి ఈ పరిధి తొందరగానే నిండిపోతుంది.

ఒక్కో ద్రావణానికీ ముందూ వెనకా బఫర్ పంపి ఫేజ్ మొదటికి వస్తోందో లేదో చూడండి. రాకపోతే జారుడు ఉందన్నమాట. నీటి గుణకం ఒక డిగ్రీకి సుమారు 0.0001 తగ్గుతుంది, అంటే 0.02 రేడియన్లు. ఒక ఫ్రేమ్ నాయిస్ కూడా అంతే అనుకుంటే వంద ఫ్రేములు సగటు తీసినప్పుడు అది 0.002కు దిగుతుంది. అప్పుడు ఉష్ణోగ్రతను 0.1 డిగ్రీ లోపు ఉంచకపోతే ఆ సగటు వల్ల ఒరిగేదేమీ లేదు. పరికరం మొత్తానికి అట్టపెట్టె లాంటి మూత పెట్టడం, ద్రవాలను గంట ముందే అదే గదిలో ఉంచడం వంటి చవక పనులే ఎక్కువ ఫలితమిస్తాయి. బొమ్మలో ఒక మూల ఏ రసాయనమూ పట్టని ప్రాంతం ఉంచుకుని, ప్రతి ఫ్రేములో దాని సగటు ఫేజ్‌ను మిగతా బొమ్మ నుంచి తీసేస్తే, గాలి కదలికలతో వచ్చే ఉమ్మడి జారుడు పోతుంది.

తేడా వచ్చినప్పుడు

కోణం ఎంత తిప్పినా తీవ్రత పడకపోతే ముందు ధ్రువణం చూడండి. ఎస్–ధ్రువణం (పతన తలానికి లంబంగా ఊగేది) ప్లాస్మాన్‌ను లేపదు. అది సరిగ్గానే ఉంటే స్లైడ్ తిరగబడి బంగారం నూనె వైపుకు వచ్చిందేమో చూడండి, ఇది అనుకున్నదానికంటే తరచుగా జరుగుతుంది. నీటి కోణంలో కాకుండా చాలా ముందే తీవ్రత పడితే సెల్‌లో నీరు లేదు, గాలి ఉంది.

బొమ్మలో మెరిసే గుండ్రని మచ్చలు బుడగలు. నిమిషానికి 50 మైక్రోలీటర్ల దగ్గర కదలకపోతే కాసేపు 500కు పెంచండి. వెడల్పైన, కదలని వంకర పట్టీలు నూనె పొర లేదా గాజు ముఖాల మధ్య పరావర్తనాలవి. బఫర్ బొమ్మతో గుణించాక కూడా మిగిలితే నూనె తీసి మళ్లీ అంటించాలి. నమూనా అంచు ఒక వైపున మాత్రమే తోకలా సాగితే అది ప్లాస్మాన్ పాకే దిశ. అమరికలో తప్పేమీ లేదు. నమూనాను 90° తిప్పి రెండోసారి తీసి పోల్చుకోవచ్చు. 785 నానోమీటర్లకు వెళ్తే రెజొనెన్స్ సన్నబడి ఫేజ్ ఇంకా నిటారవుతుంది గానీ తోక ఇంకా పెరుగుతుంది.

ఉప్పు పెరిగే కొద్దీ ఫేజ్ అనుకున్న దిశకు ఎదురు వెళ్తే, ఎఫ్‌ఎఫ్‌టీ మచ్చ మార్చలేదని ఖాయం చేసుకున్నాక, పొర మందం వైపున ఉందని అర్థం. బొమ్మలో సగం ఒక దిశకు, సగం ఎదురు దిశకు వెళ్తే మందం సరిగ్గా సున్నా బిందువు మీద ఉంది. ఆ స్లైడ్ ఫేజ్ కొలతకు పనికిరాదు.

ఈ అమరిక దాటాక

మాక్–జెండర్‌లో గాలి జారుడుతో విసిగిపోతే, ధ్రువణాన్ని 45° వద్ద పంపి పీ, ఎస్ రెండిటినీ ఒకే దారిలో నడపండి. ఎస్ కిరణం ప్లాస్మాన్‌ను లేపదు కాబట్టి అదే రిఫరెన్స్ అవుతుంది. ప్రిజం తర్వాత వోలాస్టన్ ప్రిజంతో రెండిటినీ కొద్దిగా విడదీసి, 45° పోలరైజర్‌తో కలిపితే పట్టీలు వస్తాయి. రెండూ ఒకే గాజులు, ఒకే గాలి దాటి వస్తాయి కాబట్టి జారుడు చాలా తక్కువ. బొమ్మ మాత్రం సగమే వాడుకోగలం, ఎందుకంటే నమూనా ఉన్న పీ బొమ్మ మీద ఖాళీ బంగారం ఉన్న ఎస్ బొమ్మ పడేలా చూసుకోవాలి.

ఒక్కో కణాన్ని చూడాలంటే ప్రిజం వదిలి 1.49 ఎన్‌ఏ నూనె ఆబ్జెక్టివ్‌కు వెళ్లాలి. బంగారం పూసిన కవర్‌స్లిప్‌ను అదే ఆబ్జెక్టివ్ వెలిగిస్తుంది, అదే చూస్తుంది. తలం వాలు లేదు, బొమ్మ నొక్కుడు లేదు. నీటికి కావలసిన 1.447 ఆ ఆబ్జెక్టివ్ అంచుకు బాగా దగ్గర: లేజర్‌ను వెనక ఫోకల్ తలంలో వ్యాసార్ధంలో 97 శాతం దూరంలో ఫోకస్ చేయాలి. కాస్త ఉప్పు ఎక్కువైన బఫర్‌కే రెజొనెన్స్ అంచు వైపు జరుగుతుంది, గుణకం 1.36 దాటిందంటే ఆబ్జెక్టివ్ పరిధి దాటి బయటికి పోతుంది. అందుకని బఫర్ గుణకాన్ని ముందే రిఫ్రాక్టోమీటర్‌తో కొలిచి చూసుకున్నాకే ఆబ్జెక్టివ్ ఎంచుకోండి.